పాకెట్టు పాలకు పరీక్ష

వేములపల్లిలో మా అమ్మకు రెండు బర్రెలున్నాయి. ఊళ్లోని పాల సెంటర్లో వెన్న శాతం చూసే మిషన్ ఉంది. అది చూపించే అంకెను బట్టే పాలకు డబ్బులు. మిర్యాలగూడ మిల్లుల నుంచి వచ్చే తవుడు ధర పెరిగి, ఊరివాళ్లు పాల రేటు పెంచమన్నప్పుడల్లా, ఎందుకోగానీ, ఆ మిషన్‌కు మా పాలు పలచగా కనిపించేవి.

"నీళ్లు కలిపినట్టున్నవ్ పెద్దమ్మా" అనేవాడు సెంటర్ నడిపే అతను. వరసకు కొడుకే.

అమ్మ ఆ మాట మింగలేకపోయింది. ఆ బాధలోనే ఓసారి సూర్యాపేటలో నా కిరాయి ఇంటికి వచ్చింది. మా ఇంట్లో పాకెట్టు పాలే. అదీ ఊళ్లో ఆ సెంటర్ పెట్టిన కంపెనీదే. చాయ్ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. తిరిగి వెళ్లేటప్పుడు ఒక పాకెట్టు సంచిలో వేసుకుంది. మర్నాడు ఆదివారం కదా అని నేనూ వెంట వెళ్లాను.

పొద్దున్నే అమ్మ ఆ పాకెట్టు చింపి క్యాన్లో పోసింది. సెంటర్లో అందరితో పాటు లైన్లో నిలబడింది. మిషన్ అంకె చూపించగానే అతను క్యాన్ వెనక్కి నెట్టాడు.

"గివి పాలా పెద్దమ్మా? సగం నీళ్లే!"

అమ్మ నడుముకు దోపుకున్న ఖాళీ కవరు తీసి బల్ల మీద పెట్టింది. "మీ కంపెనీయే కొడుకా. జర సూడు."

అతను తడబడ్డాడు. "అది టోన్డ్ మిల్క్. గట్లనే ఉంటది."

"మీరు కలిపితే టోన్డు, మేం కలిపితే నీళ్లా?"

లైనంతా గొల్లుమంది. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది. ఆ మర్నాటి నుంచి మా బర్రెలకు ఎక్కడలేని బలం వచ్చింది. మిషన్‌లో వెన్న పొంగిపొర్లింది. జనం ఆ సంగతి మరిచిపోయేసరికి బర్రెలు మళ్లీ నీరసించాయి.

ఇగ అమ్మ సెంటర్‌కు దండం పెట్టి, మిర్యాలగూడలో ఇళ్లకు పాలు పోయడం మొదలుపెట్టింది. అక్కడ ఒక టీచరమ్మ వారం తిరక్కుండానే గిన్నె పట్టుకుని నిలదీసింది.

"ఇంత మందం మీగడ కడుతున్నది. ఏం పొడి కలుపుతున్నవ్?"

"తవుడు, పచ్చగడ్డి కలుపుతున్న తల్లీ. బర్రె కడుపుల."

టీచరమ్మ నమ్మలేదు. పిల్లల ఆరోగ్యం ముఖ్యమంటూ మళ్లీ పాకెట్టుకే మారింది. ఆ వాటా పాలు పక్కింటివాళ్లు అదే రోజు అడిగి పోయించుకున్నారు.