ఆటలో కాల్చిన పచ్చికుండ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియనివేమైనా ఉంటే ఉద్యోగం పర్మినెంట్ అయ్యాక తీరిగ్గా తెలుసుకోవచ్చనుకునేవాణ్ణి. ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైన మూడో అంతస్తులో ఆరుగురం కూర్చుని, ఫోన్‌లో ఊరు కట్టుకునే ఆటొకటి తయారుచేసేవాళ్ళం. ఆటలోని జనం అప్పటికే చెట్లు కొట్టి, రాళ్ళు మోసి ఇళ్ళు కట్టుకున్నారు గానీ నీళ్ళు మాత్రం ఇంకా దోసిళ్ళతోనే తాగుతున్నారు. ఇక మట్టిపని పెడదామన్నాడు మా పెద్దసారు (వయసు ముప్పై రెండు, మాలో అదే ఎక్కువ). ఆ పని ఎవరికి తెలుసని అడిగితే నేను చెయ్యెత్తాను. మాది కుమ్మరి కుటుంబమనీ, మా మేనత్త దగ్గర కూర్చుని అంతా నేర్చుకున్నాననీ కూడా చెప్పేశాను. ఇది బాగా కుదిరితే నిన్ను పర్మినెంట్ చేస్తానన్నాడు సారు.

నిజానికి నేను మట్టి ముట్టింది లేదు. అత్త చిన్నప్పుడు ఊళ్ళో చక్రం దగ్గర పనిచేసింది, ఇప్పుడు నాంపల్లి స్టేషన్ దగ్గర కుండలు అమ్ముతుంది. ఆఫీసువాళ్ళతో అటు వెళ్ళాల్సి వస్తే నేను ఫోన్ చెవికి ఆనించుకుని తల తిప్పుకునేవాణ్ణి (అవతల ఎవరూ ఉండేవారు కాదు). అలాంటివాడు వెళ్ళి ఏమని అడుగుతాడు? నాకు తోచినట్టే చేసేశాను. మట్టి తవ్వాలి, చక్రం తిప్పాలి, బట్టీలో కాల్చాలి, అంతే.

సారుకి అది తెగ నచ్చింది. అదే నా కొంప ముంచింది. నీకు నేర్పిన మనిషికి చూపించాల్సిందేనని, ఆమె ఎక్కడుంటుందో నా చేతే చెప్పించి, నన్ను వెంటబెట్టుకుని నాంపల్లికి బయల్దేరాడు. అత్తకు నమస్తే పెట్టి, ఇదంతా మీ దగ్గరే నేర్చుకున్నానని మీ అల్లుడు ఆఫీసంతా చెప్పాడంటూ ఫోన్ చేతికిచ్చాడు. అత్త కొంగుతో చేతులు తుడుచుకుని చూసింది. ఆటలో మనిషి చక్రం మీది కుండ తీసి నేరుగా బట్టీలో పెట్టాడు.

"ఏంది అల్లుడా, ఆరబెట్టకుండనే కాలుస్తున్నడు? పచ్చికుండ గట్ల వెడ్తే పలిగిపోతది గద. నీకెవలు జెప్పిన్రు?"

సారు నా వైపు చూశాడు. నేను కుండల వైపు చూశాను. అత్త మా ఇద్దరినీ చూసింది.

"నేనే జెప్పుడు మర్శిన సారూ. జర నీడకు ఆరాలె. వానలు వడ్తే ఇంకిన్ని దినాలు గావాలె. పిలగాని తప్పేం లేదు."

సారు అదంతా శ్రద్ధగా రాసుకున్నాడు. నా ఉద్యోగం నిలబడింది.

సాయంత్రం ఒక్కణ్ణే మళ్ళీ వెళ్ళాను. అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను. నాలుగు తిడుతుందని సిద్ధపడే వెళ్ళాను.

"నన్ను అడగకపోతివి. అయినా నా దగ్గర నేర్సుకున్ననని పదిమందిల చెప్పుకున్నవ్ గద. నాకు గది చాలు," అంది.

ఆ మాటకు ఎంత సిగ్గుపడాలో అంత సిగ్గుపడటానికి నాకు మరో రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు మా ఆటలో కుండ ఆరడానికి మూడు రోజులు పడుతుంది. ఇంత ఆలస్యమేమిటని ఆడేవాళ్ళు తిడుతూ రాస్తారు, జవాబులు రాసే పని నాదే. కోపం రాదు. అప్పటి నాకే ఉత్తరం రాస్తున్నట్టుంటుంది, కొంచెం ఓపిక పట్టమని.