నువ్వెట్లంటె గట్లనే

ప్రణయ్ మాట్లాడితే పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూస్తారు. గొంతు అంత పెద్దది. సూరత్‌లో, పర్వత్ పాటియాలోని ఒక సందులో పెరిగిన అందరి గొంతూ అంతే. అక్కడ ఉండేవి చాలావరకు సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేత కుటుంబాలు. మరమగ్గాలను వాళ్లు సాంచాలు అంటారు. పొద్దంతా సాంచాల మధ్య నిలబడి వచ్చిన మనిషి ఇంట్లో కూడా అరిచే మాట్లాడతాడు. పిల్లలకూ అదే అలవాటవుతుంది. కార్ఖానా లోపల మాత్రం ఎవరూ అరవరు, అరిచినా లాభం లేదు కాబట్టి. పెదాలు కదిపితే చాలు, ఎదుటివాడు చూసి అర్థం చేసుకుంటాడు.

ప్రణయ్ తండ్రి సోమలింగం వయసులో ఉండగా వచ్చి ఆ మోతలో చేరాడు. మొదట కూలికి నేశాడు. తర్వాత స్నేహితుడు లింగమూర్తితో కలిసి ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. సగంలో లింగమూర్తి సాంచాలు, సగంలో తనవి నాలుగు. అన్నీ పాతవే, నూలు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటూ నడిచేవి. వాటి మీదే కొడుకును టెక్స్‌టైల్ డిప్లొమా చదివించాడు. ఆ చదువుతో ప్రణయ్ పల్సానా రోడ్డులో కొత్త మగ్గాలు అమ్మే ఒక డీలరు దగ్గర చేరాడు. మగ్గం ఏ దేశానికి అమ్ముడుపోతే ఆ దేశం వెళ్లి బిగించి, నడిపించి, అక్కడి వాళ్లకు నేర్పి వస్తాడు. ఈమధ్య ఎక్కువగా ఇథియోపియా, అప్పుడప్పుడు ఉజ్బెకిస్తాన్.

విమానంలో ప్రణయ్‌కు భయం లేదు, తిండితో పేచీ లేదు. పడనిది హోరు ఒక్కటే. మోతలో పుట్టి పెరిగినవాడికి ఆ మాత్రం హోరేమిటని తోటివాళ్లు నవ్వారు. సాంచా ఆగుతుంది, కరెంటు పోతుంది, చాయ్ తాగడానికి బయటికి రావచ్చు. విమానం దిగేదాకా ఆగదని అతని వాదన. పోయినసారి రెక్క పక్క సీటు దొరికింది. అడిస్ అబాబాలో దిగేసరికి తల పగిలిపోతోంది. మొదటి రోజు పనంతా పాడైంది. మళ్లీ శుక్రవారం ప్రయాణం. ఈసారి హోరును ఆపే హెడ్‌ఫోన్స్ కొనాల్సిందేనని నిశ్చయించుకుని, ఆదివారం తండ్రిని బండెక్కించుకుని రింగ్ రోడ్డులో ఒక షాపుకు వెళ్లాడు.

తండ్రిని తీసుకెళ్లడానికి పైకి చెప్పిన కారణం ఒకటి: మోత సంగతి ఆయనకంటే ఎవరికి తెలుసు? చెప్పని కారణం ఇంకొకటి ఉంది. ఏడాదిగా తండ్రి తనతో ముభావంగా ఉంటున్నాడు. విదేశం నుంచి ఫోన్ చేస్తే "ఆఁ, మంచిదే బిడ్డా, ఉంట మరి" అని పెట్టేస్తాడు. ఆ నాలుగు పాత సాంచాలూ అమ్మించినందుకు లోపల కోపం ఉందేమోనని ప్రణయ్‌కు అనుమానం. అయినా అమ్మమన్నది ఆయనే కదా అని సర్దిచెప్పుకుని, ఇంటికి ఫోన్ చేసినప్పుడు తల్లితోనే మాట్లాడటం మొదలుపెట్టాడు.

షాపులో కుర్రాడు ఉత్సాహవంతుడు. చెవిలో దూర్చుకునేవి, చెవి మొత్తం కప్పేవి రెండూ తెచ్చి ముందు పెట్టాడు. చిన్నవి జేబులో పడతాయి కానీ గంటల తరబడి పెట్టుకుంటే చెవి నొప్పి పుడుతుంది. కప్పేవాటిలో మెత్త బాగుండాలి, తల మీద బిగుతు ఎక్కువ ఉండకూడదు, కళ్లద్దాలు ఉంటే మెత్తకూ చెంపకూ మధ్య సందు పడి శబ్దం దూరుతుంది. సీటు ముందున్న తెరకు తగిలించుకోవడానికి వైరు కూడా ఉండాలి. ఇవన్నీ చెప్పి, ఒక స్పీకరులో విమానం హోరు పెట్టాడు. షాపులో నిజంగా విమానం లేచినట్టే ఉంది. సోమలింగం తలకు హెడ్‌ఫోన్స్ తొడిగి, బటన్ నొక్కాడు.

"అంకుల్, ఫరక్ పడా?" అని మొహంలో మొహం పెట్టి అడిగాడు.

"ఏం ఫరక్ లేదు" అన్నాడు సోమలింగం. "ముందట గట్లనే ఉండె, ఇప్పుడు గట్లనే ఉన్నది."

"అగో, మా బాపుకు ఊకె నచ్చది" అని ప్రణయ్ నవ్వాడు. "ఇంక మంచిది తీయ్ భాయ్."

కుర్రాడు ఖరీదైనది తీశాడు. దానికీ తేడా లేదు. హెడ్‌ఫోన్స్‌లోనే లోపమేమోనని తన చెవులకు పెట్టుకుని చూసుకున్నాడు. బాగానే పనిచేస్తోంది. మళ్లీ సోమలింగానికి తొడిగి, వెనక నిలబడి పట్టీ సర్దుతూ హిందీలో ఏదో అడిగాడు. జవాబు లేదు. హెడ్‌ఫోన్స్ తీసేసి మళ్లీ అడిగాడు. సోమలింగం కౌంటర్ మీది అద్దంలో మీసం చూసుకుంటున్నాడు.

"భయ్యా, అంకుల్‌కో సునాయీ నహీ దేతా క్యా?"

ప్రణయ్‌కు చిర్రెత్తింది. తండ్రికి వినపడకపోవడం ఏమిటి? పొద్దున లేస్తే మాట్లాడుకుంటూనే ఉన్నారు కదా. కుర్రాడికి చూపిద్దామని తండ్రి వెనక్కి వెళ్లి "బాపూ" అన్నాడు. తర్వాత ఇంకాస్త గట్టిగా "బాపూ!" అన్నాడు. ఛార్జర్లు కొనుక్కుంటున్న ఇద్దరు ఆడవాళ్లు తిరిగి చూశారు. సోమలింగం చూడలేదు.

అప్పుడు ప్రణయ్‌కు గుర్తొచ్చింది ఫోన్.

పోయిన ఏడాది అతను అడిస్ అబాబాలో ఉండగా సోమలింగం ఎవరిదో పెళ్లికి సిరిసిల్ల వెళ్లాడు. పాత సాంచాల బట్టకు అప్పటికే గిరాకీ లేదు. భంగారు, అంటే పాత ఇనుము, కొనే వ్యాపారి ఒకడు ప్రణయ్‌కు ఫోన్ చేసి, ఆ వారమే లారీ ఉంది, ఇస్తే తూకానికి తీసుకుంటానన్నాడు. ప్రణయ్ సిరిసిల్లకు ఫోన్ కలిపాడు.

"బాపూ, సాంచాలు భంగారుకు ఇచ్చేద్దామా? లారీ ఈ వారమే ఉన్నదట."

"ఆఁ, మంచిదే బిడ్డా. నువ్వెట్లంటె గట్లనే."

"మల్ల బాధపడొద్దు. ఖాయమేనా?"

"ఆఁ ఆఁ. పైలం. ఉంట మరి."

ఆ తర్వాత లింగమూర్తికి చేశాడు, దగ్గరుండి లారీ ఎక్కించమని. లింగమూర్తి వెంటనే ఒప్పుకోలేదు. "సోమన్న రానీ పిల్లగా. ఒక్కపారి తన కండ్లతోని చూసుకోనీ" అన్నాడు. ప్రణయ్ వినలేదు. "బాపు ఒప్పుకున్నడు కాకా. లారీ పోతే మల్ల దొరకది. ఎక్కియ్" అన్నాడు. సోమలింగం పెళ్లి నుంచి తిరిగొచ్చి షెడ్డుకు పోతే, నేలలో బోల్టులు మాత్రం ఉన్నాయి. ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. కొన్నాళ్లకు ఇంకొకరి కార్ఖానాలో కూలికి చేరాడు. విశ్రాంతి తీసుకొమ్మంటే వినడే అని ప్రణయ్ విసుక్కున్నాడు కూడా.

షాపు కుర్రాడు ఇంకా చెబుతున్నాడు: ఏ హెడ్‌ఫోన్స్ అయినా మాటలను పూర్తిగా ఆపవు, ఆగకుండా వచ్చే హోరునే ఎక్కువగా తీసేస్తాయి. ప్రణయ్‌కు ఆ మాట తిరగబడి వినిపించింది. మాటలు పోయి హోరు మిగిలిన మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. రేపొస్తానని చెప్పి, ఏమీ కొనకుండా బయటికొచ్చాడు.

ఇంట్లో తల్లి పద్మారాణిని వంటింట్లోకి పిలిచి అడిగాడు, బాపుకు చెవులు సరిగా వినపడటం లేదని ఆమెకు తెలుసా అని.

"ఏమో బిడ్డా. వెనుక నుంచి పిలిస్తె పలుకడు" అంది ఆమె. "మొగడు పెండ్లాం మాటకు పలుకుడు ఎవలింట్ల చూసినవ్? పొగరనుకున్న."

"ఇన్నేండ్ల సంది గదే అనుకుంటున్నవా?"

"నువ్వేమనుకున్నవ్ మరి? నువ్వు చదువుకున్నోనివి గదా."

ఎదురుగా కూర్చుంటే సోమలింగం అన్నీ అందుకుంటాడు. ఒక గదీ చిన్న వంటిల్లూ, అందరూ ఎదురెదురుగానే ఉంటారు, అందరూ అరుస్తారు, చేతులూ తిప్పుతారు. ఆ ఇంట్లో చెవుడు బయటపడే దారే లేదు, ఒక్క ఫోనులో తప్ప. ఆ ఫోను ఎక్కువగా చేసింది ప్రణయే.

మర్నాడు అతను ఒంటరిగా షాపుకు వెళ్లి, చెవులు కప్పేవి, వైరు ఉన్నవి కొనుక్కున్నాడు. మనసు బాగాలేకపోయినా శుక్రవారం విమానం విమానమే. వాటిని తల్లిదండ్రుల కంటపడకుండా పెట్టె అడుగున బట్టల కింద పెట్టాడు. తండ్రితో మాట్లాడే ధైర్యం బుధవారానికి గానీ రాలేదు. ఆ రోజు సోమలింగం పనిచేసే కార్ఖానాకు కరెంటు కోత. సందు మొదట్లో చాయ్ బండి దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"బాపూ, నీకు ఫోన్ల మాట వినబడ్తదా?"

సోమలింగం కప్పు కింద పెట్టాడు. బండివాడు వింటున్నాడేమోనని అటు చూశాడు. "గరగర అంటది" అన్నాడు. "నువ్వు మాట్లాడుతున్నవని ఎర్కైతది. ఏం మాట్లాడుతున్నవో ఎర్కకాదు."

"మరి ఎన్నడూ చెప్పకపోతివి?"

"చెప్తె సేటు పనిల ఉంచుకుంటడా? చెవిటోడంటరు."

"సాంచాలు భంగారుకు ఇద్దామా అని అడిగిన, నువ్వు సిరిసిల్లల ఉన్నప్పుడు. నువ్వు సరే అన్నవు."

సోమలింగం కొడుకు పెదాలనే చూస్తున్నాడు. "మల్ల చెప్పు" అన్నాడు. ప్రణయ్ నెమ్మదిగా మళ్లీ చెప్పాడు.

"అడిగినవా నువ్వు?"

"అడిగిన. రెండు సార్లు అడిగిన."

"నేనేమన్న?"

"నువ్వెట్లంటె గట్లనే అన్నవు."

"గది అందరితోని అంటర నేను. బ్యాంకు నుంచి ఎవలో పిల్ల ఫోన్ జేస్తె ఆమెతోని గూడ గదే అన్న." నవ్వబోయి ఆగిపోయాడు. తండ్రి మొహంలో రంగు మారడం ప్రణయ్ చూశాడు. తన మీది బరువు దిగుతుందనుకునే ప్రణయ్ ఈ సంగతి ఎత్తాడు. అది దిగి తండ్రి మీదికి పోవడం ఇప్పుడు కనపడుతోంది.

"అంటే నేనే ఇచ్చినన్నట్టు" అన్నాడు సోమలింగం.

"అట్ల కాదు బాపూ..."

"ఇంకెట్ల? నన్ను అడుగకుంట నువ్వు అమ్మినవనుకున్న. సరే, కొడుకువు, ఏమంట? కని లింగమూర్తి నా సాంచాలు లారీ ఎక్కిస్తడా, నాకొక్క మాట చెప్పకుంట? వాని బిడ్డ లగ్గానికి పోలే నేను. ఎదురొస్తె ఉమ్మేసి పక్కకు తిరిగిన." లేచి నిలబడ్డాడు. "పా. బండి తియ్. వాని దగ్గరికి పోదాం."

ప్రణయ్ వెంటనే లేవలేదు. లింగమూర్తి ఆగుదామన్న సంగతి అతను ఇంకా చెప్పలేదు. ఫోను తప్పు ఎవరిదీ కాదు. లారీ తొందర మాత్రం తనదే. ఇప్పుడు చెప్పొచ్చు. కానీ తండ్రి అప్పటికే బండి దగ్గరికి నడుస్తున్నాడు. వెనక నుంచి చెబితే వినపడదు. ప్రణయ్ లేచి తాళం తీశాడు. ఎదురుగా నిలబడి చెప్పడానికి దారిలో వీలు లేదని తనకు తానే సాకు చెప్పుకున్నాడు.

రేకుల షెడ్డు వైపు కరెంటు కోత లేదు, లింగమూర్తి సాంచాలు నడుస్తూనే ఉన్నాయి. సోమలింగం సాంచాలున్న సగంలో ఎవరో నూలు పెట్టెలు పేర్చుకున్నారు. లోపలికి అడుగుపెట్టగానే ప్రణయ్ ఛాతీలోకి మోత దిగింది. లింగమూర్తి ఇద్దరినీ చూశాడు. చేతిలో ఉన్న పోగు ముడేసి, అప్పుడు దగ్గరికొచ్చాడు.

సోమలింగం పెదాలు కదిపాడు. "తప్పు నాది లింగన్నా. పిల్లగాడు ఫోన్ల అడిగిండట. నాకు వినబడలే. సరే అన్న."

"గీ ముచ్చట చెప్పనీకి ఏడాది పట్టిందా?" అన్నాయి లింగమూర్తి పెదాలు. "నా బిడ్డ లగ్గంల నీకోసం పక్కన పీట ఏసి పెట్టిన. పీట మీద ఎవని మ్యాక కూసున్నదో ఎర్కనా?"

సోమలింగం రెండు చేతులూ పైకెత్తాడు, దండమో, కొట్టమనో. లింగమూర్తి ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. అప్పుడు ప్రణయ్ వైపు ఒకసారి చూశాడు. ఇక చెప్పేస్తాడనే ప్రణయ్ అనుకున్నాడు. ఒక్క మాట చాలు. ఈ షెడ్డులో ఆ మాట సోమలింగానికి అందకుండా పోదు. లింగమూర్తి చెప్పలేదు. చాయ్ చెప్పొస్తానని సైగ చేసి బయటికి వెళ్లాడు.

ఆయన కాపాడి వెళ్లాడని ప్రణయ్‌కు అర్థమైంది. దాన్ని అలాగే ఉంచుకుని శుక్రవారం వెళ్లిపోవచ్చు. తండ్రి నూలు పెట్టెల దగ్గర నిలబడి, కాలితో నేలలోని ఒక బోల్టును తడుముతున్నాడు. ప్రణయ్ వెళ్లి ఆయనకు ఎదురుగా నిలబడ్డాడు.

"కాకా ఆగుదామన్నడు బాపూ. నువ్వొచ్చి చూసుకున్నంక ఎక్కిద్దామన్నడు. నేనే వద్దన్న."

సోమలింగం ఆ పెదాలను చివరిదాకా చూశాడు.

"ఎందుకు?"

"లారీ పోతదని."

"నేనొచ్చేదాక ఆగితే ఏమైతుండె?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగి, జవాబు కోసం కొడుకు నోటి వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఏం కాకపోతుండె" అన్నాడు ప్రణయ్.