తగరం గొలుసు, కొట్టేసిన సంతకం

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు మాట. అబిడ్స్‌కూ నాంపల్లికీ మధ్య ఉన్న ఒక పరిశోధనశాలలో, ఎక్స్‌రే విభాగంలో సీనియర్ టెక్నికల్ ఆఫీసరుగా ఉన్నాను. స్ఫటికంలో ఏ పరమాణువు ఎక్కడుందో ఎక్స్‌కిరణాలతో తేల్చి రిపోర్టు ఇవ్వడం నా పని. హోదాలో సైంటిస్టుల కిందివాణ్ణే. కానీ నా సంతకం లేకుండా ఏ నిర్మాణమూ థీసిస్‌లోకి ఎక్కేది కాదు.

జనగామ వైపు నుంచి వచ్చిన స్వరూప అనే స్కాలరు తగరం, ఫాస్ఫరస్ ఉన్న సమ్మేళనం ఒకటి తెచ్చింది. సూదుల్లాంటి స్ఫటికాలు. మైక్రోస్కోపు కింద ఒకటి ఏరి, నూనెలో ముంచి, యంత్రానికి ఎక్కించాను. తెర మీద తగరానికి నాలుగు బంధాలు కనిపించాయి: మూడు కార్బన్లు, ఒక ఆక్సిజన్. ఆమె గైడు ఊహించిన విడి అణువు అచ్చం అదే. అనుకున్నదే దొరికాక ఇంకా ఎవరు తవ్వుతారు? సంతకం పెట్టేశాను.

సోమవారం థీసిస్ ఇవ్వాలి. శుక్రవారం రిపోర్టు తీసుకుంటూ స్వరూప, "మస్తు సతాయించింది సార్ గిది. దేంట్ల ఏసినా కరుగుతలేదు. మరిగే మిథనాల్‌ల జర కరిగింది, గంతే" అంది.

విడి అణువులైతే మామూలు ద్రావకాల్లో తేలిగ్గా కరగాలి, ఇంత మొండితనం ఎక్కడిది? మళ్లీ తెర ముందు కూర్చున్నాను. బంధాలు నాలుగే అయితే ఆ మూడు కార్బన్లు గొడుగు ఊచల్లా ఒక పక్కకు వాలాలి. ఇవి పళ్లెంలా చదునుగా ఉన్నాయి. అంటే అవతలి వైపు కూడా తగరాన్ని ఏదో పట్టుకుని ఉంది. సాఫ్ట్‌వేరు ముందు ఒక్క ముక్కనే చూపిస్తుంది, దాని ఇరుగుపొరుగును మనం అడిగితేనే గీస్తుంది. అడగడం మరిచింది నేనే. అడిగాను. పక్క ముక్కలో ఫాస్ఫరస్ మీదున్న ఆక్సిజన్ వచ్చి ఈ తగరాన్ని పట్టుకుంది. ఆ ముక్కలోని తగరాన్ని దాని పక్కది. స్ఫటికం ఆ చివరి దాకా ఒకటే గొలుసు, పాలిమర్.

గైడు గదికి వెళ్లి, నా రిపోర్టు తప్పు, వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను.

"సంతకం పెట్టినంక గిప్పుడు చెప్తరా? పిల్ల సోమవారం ఇయ్యాలె!" అని ఆయన విరుచుకుపడ్డారు.

ఇలాగే ఇస్తే రేపు వైవాలో పరీక్షకులు నిలదీసేది ఆ పిల్లనే అన్నాను. గొలుసు బొమ్మ చూపించాను. ఆయన దాన్ని దగ్గరికి తీసుకుని చూసి, కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నారు. ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి.

స్వరూప అధ్యాయమంతా తిరగరాసింది. నెల ఆలస్యమైంది. వైవాలో పరీక్షకుడు మొదట అడిగిందే ఆ కార్బన్లు ఎందుకు చదునుగా ఉన్నాయని. ఆమె తడుముకోకుండా చెబుతుంటే, వెనక వరసలో కూర్చున్న నాకు చెప్పలేనంత గర్వం కలిగింది.

ఆ తర్వాత స్ఫటికం తెచ్చినవాళ్లను అది దేంట్లో కరిగిందో అడక్కుండా నేను యంత్రం ముట్టుకోలేదు. విభాగంలో కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పే ముందు, నా సంతకం అడ్డంగా కొట్టేసి ఉన్న ఆ రిపోర్టే చేతికిచ్చేవాణ్ణి.