తెగిన చోటు

ఆ కంప్యూటర్ ఆగిపోయింది ఎండ వల్ల కాదు, నా వల్లే.

మంగళగిరిలో జీవితమంతా మగ్గం మీద కూర్చున్న మా నాన్నకు చూపు తగ్గింది. గ్రాఫు కాగితం మీద చీర అంచులు గీయలేక, భవానీపురంలో నా ఇంటికి వచ్చి, పక్కన కూర్చుని ఒక్కో గడీ చెబుతుంటే నేను కంప్యూటర్‌లో నింపేవాణ్ణి. అది నెమ్మదిగా కదులుతుంటే నాకు ఒళ్లు మండేది. ఒకరోజు సెట్టింగుల్లోకి వెళ్లి ప్రాసెసర్ వేగం, దానికందే వోల్టేజీ పెంచేశాను. వేడెక్కి మధ్యలో ఆగిపోవచ్చని తెలుసు. తెలిసే చేశాను.

"మగ్గాన్ని తొందరపెడితే పోగు తెగుద్దిరా," అన్నాడు నాన్న.

"ఇది మగ్గం కాదు నాన్నా," అని విసుక్కున్నాను.

మే నెల మధ్యాహ్నం, అంచు పూర్తయి సేవ్ చేస్తుండగా తెర నల్లబడింది. మళ్లీ ఆన్ చేస్తే ఆ ఫైలు తెరుచుకోలేదు. రెండు నెలల పని. వేరే కాపీ లేదు, కాగితం అసలే లేదు.

ఏం చేయాలో తోచక కంప్యూటర్ డబ్బా మూత విప్పాను. దగ్గరికి జరిగి నాన్న లోపలి వైర్ల మీదికి చేయి చాపాడు.

"నీ కళ్లు బాగున్నాయి గదా. ఎక్కడ తెగిందో నా వేలు అక్కడ పెట్టు. అతుకుతా."