పాదాల దాకా చొక్కా

ఎలీసమ్మ నోరు తెరిస్తే పర్చూరు పక్కన ఆ ఊళ్ళో కాకులు కూడా వాలేవి కావు. మిరప కోతలకు ఆడవాళ్ళ ముఠాను వెంటేసుకుని వెళ్ళే మనిషికి గొంతు కాకపోతే ఇంకేం కావాలి? చీర మీద మొగుడు మరియదాసు పాత చొక్కా తొడుక్కుని, "ఏమే, కాయలు కోస్తున్నారా, కాయలకు కథలు చెబుతున్నారా!" అని అరిచేది. ఘాటు ఒంటికి తగలకుండా ముఠాలో అందరూ మొగుళ్ళ చొక్కాలే తొడుక్కునేవాళ్ళు. అందులో సిగ్గేమిటని ఏనాడూ ఎవరూ అడగలేదు.

అలాంటి ఎలీసమ్మకు ముట్లుడిగిన కొన్నేళ్ళకు మళ్ళీ రక్తం కనపడింది. "నాకు వయసు తిరిగొచ్చిందే!" అని తోడికోడలు ప్రేమమ్మ దగ్గర పకపకా నవ్వింది. ఆ తర్వాత వేడి చేసిందనుకుంది. మిరప చేలల్లో తిరిగేవాళ్ళకు ఏ జబ్బయినా వేడే కదా! తల నొప్పెడితే వేడి, కళ్ళు మండితే వేడి, ఆఖరికి మొగుడి మీద కోపమొచ్చినా వేడే. సబ్జా నీళ్ళు తాగుతూ ఆ కోతల కాలమంతా నెట్టుకొచ్చింది. నడుము పట్టేసి మంచం దిగలేని రోజున మరియదాసు ఆమెను గుంటూరు బస్సెక్కించాడు.

గర్భసంచి మూతి దగ్గర కాన్సరన్నారు. "రక్తం కనపడ్డప్పుడే వచ్చి ఉంటే ఇంత అవస్థ ఉండేది కాదమ్మా" అంది డాక్టరు దుర్గాంబ. ఎలీసమ్మ అప్పుడు కూడా ఏడవలేదు. "ఇప్పుడొచ్చానుగా, కానివ్వండి" అంది.

కాన్సరు గడ్డను మాడ్చే కరెంటు, అదే రేడియేషన్, పెట్టడం మొదలుపెట్టారు. సర్వేవాళ్ళు పొలానికి హద్దులు వేసినట్టు పొత్తికడుపు మీద సిరా గీతలు గీశారు. అవి చెరిగితే ఊరుకునేది లేదని నర్సమ్మ బెదిరించింది. కొన్నాళ్ళకు నడుము కింద చర్మం కమిలిపోయింది. లంగా బొందు బిగిస్తే చాలు, ప్రాణం జివ్వుమనేది. బొందు మానేసి నైటీ లాంటిదేదైనా వదులుగా వేసుకోమంది డాక్టరమ్మ.

"నైటీనా! సినిమావాళ్ళు వేసుకునేదా? చీర లేకుండా నలుగుర్లో తిరిగేకంటే ఇంటికి పోయి చావటం నయం!" అంటూ ఎలీసమ్మ వైద్యం సగంలో ఉండగానే మూట కట్టేసింది. మరియదాసు బతిమాలాడు. బతిమాలితే వినే మనిషా?

పక్క మంచం ముసలామెకు తోడుగా వచ్చిన కూతురు ఖుర్షిదా గుంటూరులో బట్టలు కుట్టే మనిషి. ఈ రాద్ధాంతమంతా విని దగ్గరికొచ్చింది.

"వదినా, చేలో మీ ఆయన చొక్కా తొడుక్కుని తిరిగావా లేదా?"

"తిరిగా. అయితే?"

"ఊరంతా చూశారా లేదా?"

"చూశారు."

"మరి ఆ చొక్కానే పాదాల దాకా ఉంటే సిగ్గెట్టా వచ్చిద్ది?"

ఎలీసమ్మ మొగుడి చొక్కా వంక ఒకసారి చూసి, మూట కింద పెట్టింది. పెళ్ళయ్యాక ఆమె ఒకరి మాట వినటం చూడటం మరియదాసుకు అదే మొదలు.

ఖుర్షిదా అతని చొక్కా కింద అతని మెత్తటి పాత లుంగీ చేర్చి కుట్టుకొచ్చింది. పైనుంచి కింద దాకా గుండీలే, నడుము దగ్గర మాత్రం ఏ బిగింపూ లేదు. జేబు తీసేద్దామంటే ఎలీసమ్మ ఒప్పుకోలేదు. "ఉండనీవమ్మా, జేబులు మొగోళ్ళకేనా ఏంది!" తొడుక్కుని హాయిగా ఊపిరి పీల్చుకుంది. "నా బట్టలన్నీ నీ ఒంటి మీదే ఉన్నాయి" అని గొణిగాడు మరియదాసు. ఎలీసమ్మ మూట విప్పేసి, వైద్యం పూర్తయ్యేదాకా అక్కడే ఉంది.

ఊరికి తిరిగొచ్చాక ఒకరోజు ఆ చొక్కాతోనే చేను గట్టు మీద కూర్చుంది. ముఠా అంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "నవ్వండే, నవ్వి వినండి!" అని ఎలీసమ్మ పాత గొంతే ఎత్తింది. "ముట్లుడిగాక రక్తం కనపడితే అది వేడి కాదు. నెలనెలకి మధ్యలో కనపడ్డా, మొగుడి దగ్గర పడుకున్నాక కనపడ్డా, తెల్లబట్ట వాసనొచ్చినా డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. సబ్జా నీళ్ళతో పోయేది కాదది." కొందరు చెవులు మూసుకున్నారు, కొందరు మూసుకున్నట్టు నటిస్తూ విన్నారు. ప్రేమమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆమె చేతిలో సబ్జా నీళ్ళ గ్లాసుంది.

ఎలీసమ్మ గట్టు మీంచి లేచింది. ప్రేమమ్మను పక్కకు లాక్కెళ్ళింది. "ఎన్నాళ్ళ నుంచే?"

"ఏం లేదక్కా, ఊరికే వేడి..."

"నా దగ్గరా వేడి కబుర్లు!"

ప్రేమమ్మ తల వంచుకుంది. "పోయిన నెల నుంచి. చీర విప్పి బల్ల మీద పడుకోమంటారంటగా? నా వల్ల కాదక్కా. చస్తే చస్తాను."

తన జబ్బుకు కూడా ఎలీసమ్మ అంత భయపడలేదు. తిట్టింది, గడ్డం పట్టుకుంది, పాస్టరమ్మకు చెబుతానని బెదిరించింది. ప్రేమమ్మ రాయిలా నిలబడింది. చివరికి ఎలీసమ్మ ఇంటికెళ్ళి చీర కట్టుకుని, ఆ చొక్కా ఉతికి, ఆరబెట్టి, తెచ్చి ఆమె ఒళ్ళో పడేసింది. "ఇది తొడుక్కుని పడుకో. అడుగు గుండీలే తీస్తారు. మిగతాదంతా కప్పే ఉంటది. నీ చెయ్యి పట్టుకుని నేను పక్కనే ఉంటా."

ప్రేమమ్మ దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత జేబెందుకక్కా?"

"బస్సు టికెట్లు పెట్టుకోటానికి. పొద్దున బస్సుకే బయల్దేరు."

గుంటూరులో పరీక్షలన్నీ అయ్యాక దుర్గాంబ ఇద్దరినీ పిలిచింది. జబ్బు అదేనని, కాకపోతే మొదట్లోనే వచ్చారు కాబట్టి నయమైపోతుందని చెప్పింది. బయటికి రాగానే ఎలీసమ్మ వరండాలో నేల మీద కూలబడి, ఆసుపత్రి అంతా వినపడేలా భోరుమంది.

ప్రేమమ్మ కంగారుపడిపోయింది. "ఊరుకో అక్కా! నాకు నయమైపోద్దని చెప్పారుగా, ఇంకెందుకు ఏడుపు?"

"నీ కోసం కాదే, నా కోసం ఏడుస్తున్నా. నాకప్పుడు నాలాంటిది ఒకత్తి లేకపోయిందే!"