పోశన్న ఒక్కపొద్దులు

పోశన్నకు షుగర్ ఉందని కంపెనీకి తెలియదు. తెలిస్తే ఏమవుతుందో మాత్రం అతనికి బాగా తెలుసు. పోయినేడు తనతో పనిచేసే రాజన్నకు మెడికల్‌లో షుగర్ బయటపడితే ఎనిమిది రోజులు తిరక్కుండా విమానం ఎక్కించారు. మెట్‌పల్లి దగ్గర పల్లెలో బావులు తవ్విన పోశన్న, పదకొండేళ్లుగా దోహాలో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. నలభై నాలుగేళ్ల వయసులో తిరిగి వెళ్లి బావులు తవ్వలేడు.

అందుకే 1997లో షుగర్ మీద పరిశోధన చేసే క్లినిక్ వాళ్లు నజ్మాలో కూలీల గదులకు వచ్చినప్పుడు ఒకటే అడిగాడు: "కంపెనీకి చెప్తరా?" చెప్పబోమన్నారు. మందులు ఊరికే ఇస్తామన్నారు. అతనూ, అదే గదిలో ఉండే నర్సింగూ చేరారు. రోజుకు రెండు గోళీలు, తిన్నదంతా రాయడానికో పుస్తకం, నెలకోసారి పరగడుపున రక్తపరీక్ష.

పరీక్ష అంటే పోశన్నకు మొక్కు లాంటిదే. శుద్ధిగా పోవాలి. రెండు రోజుల ముందు నుంచే ఒక్కపొద్దు పట్టేవాడు. సాయంత్రం గుప్పెడు అటుకులు, మిగతాదంతా నీళ్లు. గోళీలు మాత్రం తప్పేవాడు కాదు. పుస్తకంలో రొట్టె, పప్పు అని రాయించేవాడు. అంకె చక్కగా వచ్చేది. పరీక్ష అయిన సాయంత్రం నజ్మా హోటల్లో బిర్యానీ తినేవాడు. ఈ కిటుకు నర్సింగ్‌కూ నేర్పాడు.

మూడో నెల పరీక్ష రోజు, శనివారం, పన్ను నొప్పని ఫోర్‌మన్ జహాంగీర్‌కు చెప్పి క్లినిక్‌కు వచ్చాడు. రక్తం తీసుకునే శ్రీలేఖ బెజవాడ అమ్మాయి. రెండు కాగితాలు అతని ముందు పెట్టింది.

"ఈ రోజు చక్కెర బంగారంలా ఉందండీ. ఇది పోయిన వారం ఇంకో పరీక్షకని విడిగా తీసిన రక్తానిది. మూడు నెలల సంగతి చెబుతుంది. ఒకట్రెండు రోజుల పస్తుకు ఇది లొంగదు. ఇందులో మీకు చాలా ఎక్కువుంది. పోశన్నగారూ, ఏం చేస్తున్నారు?"

"ఏం జేస్తనమ్మా? మీరు జెప్పినట్టే."

"కోప్పడనులెండి. పస్తుంటున్నారా?"

పోశన్న తల వంచుకున్నాడు. "రెండు పొద్దులే. పేపర్ మంచిగ రావాలె గదా."

"గోళీలు వేసుకుంటూనా?" ఆమె గొంతు మారింది. "అయ్యో! కడుపులో ఏమీ లేకపోయినా ఆ గోళీ చక్కెరను దించేస్తుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, స్పృహ పోతుంది. ప్రాణానికే ముప్పండీ!"

తనకూ చెమటలు పట్టేవి. నీరసమనుకున్నాడు. ఇప్పుడతనికి పొద్దున్నే కండువా చుట్టుకోలేక తడబడ్డ నర్సింగ్ చేతులు కళ్లముందు కదిలాయి. "పెండ్లికొడుక్కి వణుకు బట్టిందిరో" అని తనే నవ్వాడు. నర్సింగ్ పరీక్ష రేపు. అంటే ఈ రోజు రెండో పస్తు. ఘర్రాఫాలో విల్లా పైకప్పు మీద చెక్కలు కొడుతూ ఉంటాడు.

"ఫోన్ చెయ్యాలె. సైట్‌కు. నర్సింగ్ గూడ పస్తుండే, పైకప్పు మీదున్నడు."

శ్రీలేఖ రిసీవర్ తీసి ఆగింది. "చేస్తే మీ ఇద్దరి సంగతీ వాళ్లకు తెలిసిపోతుందేమో. నేను వేరే ఏదైనా చెప్పి..."

"వేరే మాటలు జెప్తే వాడు దిగడమ్మా. ఇటియ్యి, నేనే మాట్లాడ్త."

జహాంగీర్ ఎత్తాడు. "ఏం పోశన్నా, పన్ను పీకిండా డాక్టర్? ముప్పై రెండూ పీకుమను, తిండి ఖర్చు తప్పుతది."

"భాయ్, నర్సింగ్‌ను కిందికి దింపు. సొంతంగ దిగొద్దు, ఇద్దరు పట్టుకోవాలె. తెలివి మీదుంటే చక్కెర మస్తుగ ఏసి చాయ్ తాపు. యల్లా, జల్ది!"

"మంచిగనే ఎక్కిండు గదరా. ఏమైంది వానికి?"

"వానికి షుగరుంది. గోళీలు మింగి పస్తున్నడు."

"నీకెట్ల ఎరుక?"

పోశన్న గోడకు ఆనుకున్నాడు. "నేనే నేర్పిన భాయ్. నాకు గూడ ఉంది."

రిసీవర్ బల్ల మీద పడ్డ చప్పుడు. తర్వాత దూరంగా, నర్సింగ్ పేరు పెట్టి జహాంగీర్ కేకలు. పోశన్న ఫోన్ పెట్టేయకుండా, పైనుంచి జవాబు వినిపిస్తుందేమోనని దాన్ని చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.