కాన్పు గదిలో కెమెరా

ఉదయం ఏడూ నలభైకి ఆమె ఇడ్లీ కావాలంది. విజయనగరంలోని ఆ చిన్న ఆసుపత్రి ఎదురుగా టిఫిన్ కొట్టు ఉంది. రెండు తెచ్చాను. ఒకటి తిని, రెండోది సగంలో ఆపి నా మణికట్టు పట్టుకుంది. నొప్పి వచ్చి పోయే దాకా వదల్లేదు. తగ్గాక మిగతా సగం తినేసింది.

నేను కాన్పులకు తోడుగా ఉంటాను. ఫోటోలు కూడా తీస్తాను. నడుము రుద్దుతాను, నీళ్లు తాగిస్తాను, ఊపిరి ఎలా వదలాలో గుర్తు చేస్తాను, డాక్టరు చెప్పింది అర్థం కాకపోతే మళ్లీ చెబుతాను. వైద్యం జోలికి పోను. ఇలాంటి పని చేసేవాళ్లను డూలా అంటారని శిక్షణలో చెప్పారు. ఇక్కడ ఎవరూ ఆ మాట అనరు. తోడుకొచ్చినామె అంటారు. కెమెరా బయటికి తీశాక ఫోటోలామె అంటారు.

కెమెరా మా ఆయనది. నెల్లిమర్లలో ఆయనకు స్టూడియో ఉండేది. ఆయన పెళ్లిళ్లకు వెళ్తే నేను ఆల్బమ్‌లు చేసేదాన్ని. పోనుపోను ఆడవాళ్ల ఫోటోలు నేనే తీసేదాన్ని. ఆయన పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్లు ఆత్మ గురించీ కర్మ గురించీ చాలా చెప్పారు. నేనూ చదివినవే. ఏవీ పనికి రాలేదు. ఆయన చివరి రోజులు ఐసీయూలో గడిచాయి. నేను బయట కుర్చీలో కూర్చున్నాను. పక్కన ఒక మనిషి ఉంటే ఆయనకు తెలిసేదో లేదో నాకు తెలియదు. ఉండాల్సిందని మాత్రం అనుకుంటాను. ఈ పనిలోకి రావడానికి అంతకంటే పెద్ద కారణం లేదు.

ఇడ్లీ అడిగిన అమ్మాయిది భోగాపురం వైపు సముద్రం ఒడ్డు ఊరు. భర్త గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లాడు. తల్లి లేదు. వెంట వచ్చింది అత్త, చేపలు అమ్మే మనిషి. ఆ అమ్మాయికి ఇది రెండో కాన్పు. మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. ఆ రోజు పెద్దవాళ్లు బిడ్డను ఆమెకు చూపించకుండా గుడ్డలో చుట్టి తీసుకెళ్లి పూడ్చేశారు. మా వైపు అలాగే చేస్తారు. బిడ్డ ముఖం చూస్తే తల్లి ఇక మరచిపోలేదేమోనని భయం. దయతోనే చేస్తారు.

కాన్పుకు ముందు వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆమె నన్ను ఒకటే అడిగింది. అక్కను వాళ్లు అప్పా అంటారు.

"అప్పా, ఈసారి ఏటయినా సరే, నాను మొకం సూడాల. పుట్టిన ఎంటనే ఫోటో తీసేయి. మంచయినా సెడ్డయినా తీసేయి."

గుమ్మంలో చేపల తట్ట కడుగుతున్న అత్త విన్నది.

"పురుడెల్లకుండా ఫోటో ఏటే? దిష్టి తగల్దా? ఓలమ్మా, పెళ్లి ఫోటోలు తీసుకోక ఈ రగతాల్లో నీకేటి పని?"

"పెళ్లిలో అందరూ కెమెరా వైపే చూస్తారమ్మా. ఇక్కడ ఎవరూ చూడరు. నాకదే నచ్చింది," అన్నాను.

"ఒళ్లిరిగిపోతంటే ఎవులు సూస్తారు!" అని నవ్వింది. నవ్వింది గానీ ఒప్పుకోలేదు. మైల తీరే స్నానం అయ్యే దాకా బిడ్డ ముఖాన్ని ఫోన్లో కూడా పట్టకూడదని వాళ్లింటి కట్టుబాటు. చాలాసేపు బేరమాడాక అరికాలి ఫోటోకు సరేనంది. దిష్టి ముఖానికే గానీ కాలికి తగలదట.

నేను బయల్దేరితే ఆ అమ్మాయి ఆటో దాకా వచ్చింది.

"కాలు నాకొద్దప్పా. మొకం."

తీస్తానని మాట ఇచ్చాను. డాక్టరమ్మ కూడా ఒప్పుకుంది.

కాన్పు గదిలోకి ఒక్కరినే రానిస్తారు. అత్త బయట బల్ల మీద కూర్చుంది. నేను కెమెరా మెడలో వేసుకుని అమ్మాయి తల దగ్గర నిలబడ్డాను. ఒక చేయి తల్లికిచ్చి రెండో చేత్తో ఫోటో తీయడం నాకు అలవాటే. ఆ రోజు ఆమె రెండో చేయి కూడా పట్టేసుకుంది.

"నన్నొగ్గీకప్పా. ఒగ్గీకు."

"వదలను."

తల కనిపిస్తోందని డాక్టరమ్మ చెప్పింది. తీయాల్సిన ఫోటో ఎదురుగా ఉంది. ఒక చేయి లాక్కుంటే చాలు. లాక్కోలేదు. బిడ్డ బయటికి వచ్చింది. ఏడవలేదు.

నర్సు బిడ్డను గోడ పక్కన, వేడి దీపం కింద ఉన్న బల్ల మీదికి తీసుకెళ్లి తుడవడం మొదలుపెట్టింది. పడుకున్న తల్లికి ఆ బల్ల కనిపించదు. నర్సు వీపు కనిపిస్తుంది, అంతే. అమ్మాయి ఆ వీపు వైపు చూసింది. తర్వాత నా చేతులు తానే వదిలేసింది.

"ఎల్లప్పా. ఎల్లి తీయి."

వెళ్లాను. నర్సుకు అడ్డం రాకుండా బల్ల చివర నిలబడి తీశాను. కళ్లు మూసుకుని ఉన్న చిన్న ముఖం, రంగు ఇంకా సరిగా రాలేదు. రెండో ఫోటో తీసేలోపు బిడ్డ నోరు తెరిచింది. ఏడుపు గదంతా వినిపించింది.

కుట్లు పడుతుండగా కెమెరా తెర ఆమె కళ్ల ముందు పట్టుకున్నాను.

"ఇదేనా?"

"ఇదే. ఆడపిల్ల."

"పెద్దది సెయ్యి."

ముఖం తెరంతా వచ్చేలా పెద్దది చేశాను. ఏడుపు అటు నుంచి వింటూ, ముఖం ఇటు చూస్తూ ఉండిపోయింది. నర్సు బిడ్డను తెచ్చి గుండెల మీద పెట్టగానే కెమెరాను చేత్తో పక్కకు నెట్టేసింది.

బయటికి రాగానే అత్త లేచి నిలబడింది.

"మొకం తీసేసినావా ఏటి?"

"తీశాను."

తిడుతుందనుకున్నాను. "ఏదీ?" అని చేయి చాపింది. కొంగుతో కళ్లు తుడుచుకుని చూసింది. "నలుపు వోళ్ల నాన్నది. ముక్కు నాది," అంది. గొంతు తగ్గించి, పోయిన మొదటి పిల్ల సంగతి ఎత్తింది. "అప్పటి గుంటదీ ఇదే ముక్కమ్మా. నానొక్కదాన్నే సూసినాను. దీనికి సెప్పనేదు."

"ఇప్పుడు చెప్పండి."

"ఇప్పుడా? మంచి పూటా?"

"తను అడిగేది అదే కదమ్మా."

తల్లీబిడ్డలను వేరే గదిలోకి మార్చాక అత్త లోపలికి వెళ్లింది. నేను గుమ్మంలోనే ఆగాను.

"ఒసే, పెద్ద గుంటదీ ఇదే ముక్కే."

"నువ్వు సూసినావా అత్తా?"

"సూడకుండా ఎలాగే? నానే కదా ఎత్తుకెల్లినాను. ఎంటికలు కూడా ఉన్నాయి, ఒత్తుగా."

అమ్మాయి ఏడ్చింది. ఊరుకోమని అత్త అనలేదు. మంచం అంచున కూర్చుని జుట్టు ఎంతుందో, వేళ్లు ఎలా ఉన్నాయో, ఏ గుడ్డలో చుట్టిందో గుర్తున్నంత వరకు చెప్పింది. చిన్నది మధ్యలో పాలు తాగుతూ నిద్రపోయింది. నేను ఫోటో తీయలేదు.

ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా ముందే చెబుతాను. బిడ్డ బయటికి వచ్చే దాకా నా రెండు చేతులూ తల్లివి. తర్వాత కెమెరా, అదీ మొదట తల్లి చూడడానికి. కొందరికి ఇది నచ్చదు, వేరే వాళ్లను పెట్టుకుంటారు. చాలామంది సరేనంటారు.

ఆ పిల్ల ఇప్పుడు ఇసుకలో పరుగెడుతోంది. మొన్న వెళ్లినప్పుడు అమ్మాయి ఒక సంగతి చెప్పింది. వాళ్ల వీధిలో ఒకరికి నెలలు నిండకుండా కాన్పయి బిడ్డ దక్కలేదు. మగవాళ్లు గుడ్డ తెచ్చేసరికి ఈ అత్తే వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ముందు తల్లికి సూపించండి. ఒద్దంటే అప్పుడు పట్టుకెల్లండి," అందట. ఆ తల్లి చూస్తానంది. చాలాసేపు ఒళ్లో పెట్టుకుంది.

ఆ వీధిలో ఇప్పుడు, పోయిన బిడ్డను తల్లిని అడగకుండా తీసుకెళ్లడం లేదు.